గోరు: ఒక మాట చుట్టరికము

ఖిదిర్‌పూర్ అనగానే కలకత్తా తెలుగువారికి 1892లో తెరచిన ఓడరేవు డాకులును, చేరువనే గార్డెన్‌రీచ్‌లోనున్న రైల్వే ప్రధాన కార్యాలయమును స్ఫురించును. వంగ మహాకవి మైకేల్ మధుసూదన దత్తు తండ్రి కాపురమున్న ఇల్లును ఈ పేటలోనిదే. మధుసూదనుడు 1848 మొదలు 1856 వరకు మద్రాసులో నివసించెను. 1849లో మిత్రుడగు గౌరదాస్ బసాకునకు వ్రాసిన లేఖలో తన దినచర్యను తెలుపుచు, మధ్యాహ్నము రెండు మొదలు అయిదు గంటల వరకు తెలుగును సంస్కృతమును చదువుచున్నట్లు చెప్పుకొనెను. గ్రీకు, లాటిను పాఠములకు వేరు వేళలు.

ఆ నాలుగు భాషలను ఒక్కచోట పెట్టి చూచువారికి గోరు అను చిన్న మాట వింతగా తోచును. సంస్కృతమున నఖము, గ్రీకున ఓనుక్స్, లాటినున ఉంగ్విస్. ఈ మూడును ఒక్క మూలమునుండి పుట్టినవి. ఇంగ్లీషువారి నెయిలు ఆ ఇంటిదే. వంగభాషలోని నొఖ్ సంస్కృత నఖమే. గోరు మాత్రము ఆ పంక్తిలో కూర్చుండదు.

దాని చుట్టములు వేరు. తమిళ మలయాళములలో ఉగిర్, కన్నడమున ఉగురు, ఆదిలాబాదు కొలాముల భాషలో గోర్. మొదటి ఉకారము ఏమైనది? తమిళపు ఉరల్ తెలుగున రోలైనట్లే, ఇచ్చటను పదాదినున్న అచ్చు హల్లును దాటి లోనికి జరిగి, అచటి అచ్చుతో కలిసి దీర్ఘమైనది. ఇరండు రెండగుటయు ఈ త్రోవనే. తెలుగునకు ఇది పాత అలవాటు.

చుట్టములు దక్షిణముననే లేరు. గంగ ఒడ్డున రాజమహల్ కొండలలో మాల్తో మాటలాడు పహాడియాలు గోటిని ఒర్గు అందురు. ఛోటానాగపూరు ఉరాఁవుల కురుఖు భాషలో అది ఒరొఖ్. హల్లులు ముందువెనుకలైనవి గాని మాట అదియే. హుగ్లీ తీరమున ఒంటరిగా కనబడు గోటికి, ఒక్క రాత్రి రైలు ప్రయాణపు దూరములోనే జ్ఞాతులున్నారన్నమాట.

నఖము తెలుగున పండితుల మాటగనే నిలిచినది. పులిగోరు, గోరుచుట్టు, గోరువెచ్చన, గోటితో పోవుదానికి గొడ్డలి – ఇంటిలో పలుకునవన్నియు గోటివే. బిడ్డకు తల్లి పెట్టునది గోరుముద్ద. నఖముద్ద అనినచో ఏ బిడ్డయు నోరు తెరవదు.

గోరింటాకును గూడ ఈ జాబితాలో చేర్చుట వాడుక. గోళ్లను పండించును గనుక ఆ పేరు వచ్చెనందురు. కాని కన్నడమున గోరు ఉగురు కాగా, ఆ చెట్టు పేరు మాత్రము గోరంటియే. సంస్కృతమున కురంటకమను పూలమొక్కయు కలదు. తెలుగు గోరంట పువ్వు అదియే. కనుక గోరింట గోటికి రంగునిచ్చినదే గాని, గోటినుండి పేరు తీసుకొన్నదనుట సందేహాస్పదము.