బంతి వేసి బేరం నిలబెట్టుకున్న బర్గండీ

మా యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. అయినా ఫ్రాన్సులోని బర్గండీ సీమ గురించి మా పెద్దవాళ్లు మాకు చెప్పిందేమీ లేదు. మా ఇంటిది బియ్యం వ్యాపారం. కొనడానికొచ్చిన షావుకారుకి ముందు మచ్చు చూపించి, తరవాత ఆకు వేసి వడ్డించి, చేతులు కడుక్కున్నాకే ధర మాట ఎత్తడం మా తాతగారి పద్ధతి. బర్గండీ వైన్ వర్తకుల చరిత్రలోనూ దాదాపు ఇదే పద్ధతి కనిపించింది. అందుకే ఇది రాస్తున్నాం.

బర్గండీ ఫ్రాన్సుకి తూర్పు వైపు ఉంటుంది. అక్కడ ఎర్ర వైన్‌కి పినో న్వార్ ద్రాక్ష, తెల్ల వైన్‌కి షార్దొనే ద్రాక్ష. ఒకప్పుడు మంచి తోటలు చాలావరకు మఠాల చేతిలో ఉండేవి. సిస్టర్షియన్ సన్యాసులు గోడ కట్టి పెంచిన క్లో ద వూజో తోట ఒక్కటే సుమారు 125 ఎకరాలు. 1789 విప్లవం తరవాత మఠాల భూములు లాక్కుని అమ్మేశారు. పిల్లలందరికీ సమానంగా పంచాలన్న చట్టం కూడా వచ్చింది. ముక్కలై ముక్కలై, ఆ ఒక్క తోటకే ఇప్పుడు 80 మంది దాకా యజమానులు.

నాలుగు వరసల ద్రాక్ష ఉన్న రైతు సీసాలు నింపి విదేశాలకి ఏం పంపగలడు? అందుకే బోన్, న్యుయి ఊళ్ల వర్తకులు రైతుల దగ్గర కొని, కలిపి, సీసాలకెత్తి అమ్మేవారు. బోన్‌లో 1443లో స్థాపించిన ధర్మాసుపత్రికి దానంగా వచ్చిన తోటల వైన్‌ని 1859 నుంచి వేలం వేస్తున్నారు. నవంబరు మూడో ఆదివారం జరిగే ఆ వేలానికి ముందు, కొనేవాళ్లు పీపాల్లోంచి కొత్త వైన్ మచ్చు చూస్తారు. పీపాకి 228 లీటర్లు.

ఈ వ్యాపారానికి పెద్ద దెబ్బ తగిలింది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. 1929లో మొదలైన మాంద్యంతో మిగతా దేశాల్లోనూ కొనేవాళ్లు తగ్గిపోయారు. సరుకు నేలమాళిగల్లో ఉండిపోయింది. అప్పుడు, 1934 నవంబరులో, న్యుయి-సాఁ-జార్జ్‌లో కమీయ్ రోదియే, జార్జ్ ఫేవ్‌లే అనే ఇద్దరు ఓ సంఘం పెట్టారు. ఎవరూ కొనడం లేదు కదా, పిలిచి మన బల్ల దగ్గరే తాగిద్దాం అన్నది వాళ్ల ఆలోచన. సంఘానికి పేరు కూడా మచ్చు చూసే చిన్న వెండి గిన్నెదే: తాస్త్‌వాఁ. చీకటి మాళిగలో కొవ్వొత్తి వెలుగుకి వైన్ రంగు తేటగా కనబడాలని దాని లోపల నొక్కులుంటాయి. ఎర్రటి అంగీలు, పాటలు, ఆ సీమ వంటలు. 1944లో ఆ సంఘమే క్లో ద వూజో కోటని కొన్నది. విందులు ఇప్పటికీ అక్కడే.

ఉత్త వేడుక అయితే బేరం నిలబడేది కాదు. మాళిగలో మచ్చు చూసేవాడు నోట్లో తిప్పి ఉమ్మేస్తాడు. పుల్లదనం, వాసన, లోపం తెలుస్తాయి. హోటలు వ్యాపారికి కావలసింది ఇంకొకటి: ఇది ఏ వంటకి నప్పుతుంది? అది తెలిసేది బల్ల దగ్గరే. అందుకని తేలికవాటితో మొదలుపెట్టి, ఊరి పేరుతో వచ్చే వైన్, ఆ పైన ప్రెమియే క్రూ, చివరికి గ్రాఁ క్రూ అందిస్తారు. ఎర్ర వైన్‌లో ఉడికించిన గుడ్లు, గొడ్డుమాంసం, ఆఖర్న జున్ను. అన్నంగా వండి చూడకుండా బియ్యం మంచిచెడ్డలు చెప్పలేం కదండీ!

ఇందులో మమ్మల్ని ఆపిన సంగతి ఒకటుంది. ద్రాక్షకోత అయిపోయాక యజమాని కోతవాళ్లకి పెట్టే భోజనాన్ని అక్కడ పోలే అంటారు. మ్యూర్సో ఊళ్లో 1923లో జ్యూల్ లాఫోఁ అనే తోటల యజమాని దాన్ని మళ్లీ లేపి, స్నేహితుల్ని పిలిచాడు. ఇప్పుడది వేలం మర్నాడు సోమవారం జరిగే పెద్ద విందు. ఎవరి సీసాలు వాళ్లు తెచ్చి పంచుకుంటారు. తోటల వాళ్లు, వాళ్ల అతిథులు, కొనేవాళ్లు కూర్చుంటారు. కోతవాళ్ల పేరు మీద మొదలైన బంతి కొనేవాళ్ల దాకా వచ్చింది.

వాళ్లని తప్పుపట్టే హక్కు మాకు లేదు. మా ఇంట్లోనూ షావుకారుకి హాల్లో అరిటాకు, బస్తాలు మోసిన జట్టువాళ్లకి పెరట్లో. కూర ఒకటే, చోటే వేరు. ఏ షావుకారు ఎప్పుడొచ్చాడో మా పాత పద్దుల్లో ఉంది. పెరట్లో తిన్నవాళ్ల పేరు ఒక్కటీ లేదు.