గని రక్షణ దళాలు (సింగరేణి)

భూగర్భ గనిలో మంటలు, పేలుడు, విషవాయువు, నీటి ముంపు, పైకప్పు కూలడం వంటి ప్రమాదాలు జరిగినప్పుడు శ్వాస పరికరాలతో లోపలికి దిగేందుకు శిక్షణ పొందిన సిబ్బందిని గని రక్షణ దళాలు అంటారు. వాడుకలో రెస్క్యూ టీములు. తెలుగు నేలపై బొగ్గు బావుల్లో ఈ పని సింగరేణి సంస్థ దళాలది. వీటికి రామగుండం ముఖ్య కేంద్రం.

చరిత్ర

1871లో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. 1889లో ఉత్పత్తి మొదలైంది. ఆ రోజుల్లో గని ప్రమాదాల గుట్టు విప్పింది బ్రిటన్‌లోని వేల్స్. 1896లో అక్కడి టైలర్స్‌టౌన్ పేలుడులో 57 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ప్రాణం తీసింది పేలుడు కాదనీ, ఆ తర్వాత కమ్ముకున్న కార్బన్ మోనాక్సైడ్ అనీ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ తేల్చాడు. కాపాడటానికి వెళ్ళినవారినీ అది వదల్లేదు. 1934లో వేల్స్‌లోనే గ్రెస్‌ఫోర్డ్ గనిలో మరణించిన 266 మందిలో ముగ్గురు రక్షణ దళ సభ్యులు. మన దేశంలో ఈ దళాల శిక్షణ, పరికరాలు, పనితీరు 1985 నాటి గని రక్షణ నియమాల ప్రకారం నడుస్తాయి.

పొంచి ఉండే ముప్పు

కార్మికులను బలిగొన్న ముప్పు రక్షకులు దిగేసరికి ఇంకా అక్కడే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, మళ్ళీ పేలుతుంది. ఒకసారి కూలిన కప్పు పట్టు తప్పి మళ్ళీ కూలవచ్చు. బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనుల్లో రాతి పేలుళ్ళు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. అందుకే మొదటిది ఆగినంత మాత్రాన లోపలివారికి భరోసా ఉండేది కాదు.

పనితీరు

రక్షకుడు వీపున మోసే పరికరం, వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును రసాయనంతో పీల్చేసి, ఆక్సిజన్ కలిపి తిరిగి అందిస్తుంది. దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. ఆ రసాయన చర్యకు వేడెక్కిన గాలి పీలుస్తూ, చీకట్లో, పొగలో, స్ట్రెచర్ మోస్తూ నడవాలి. అందరిలోకీ తక్కువ ఆక్సిజన్ మిగిలిన సభ్యుడి లెక్కే దళం మొత్తానికీ లెక్క. ఒక్కరి పరికరం మొరాయించినా అందరూ వెనుదిరగాలి. అవతల ఎవరో ఎదురుచూస్తున్నారని తెలిసి కూడా తిరిగి రావడం ఈ వృత్తిలో అన్నిటికన్నా బరువైన పని. అది పిరికితనం కాదు. కాపాడబోయినవారు మృతుల జాబితాలో చేరకుండా ఆపే క్రమశిక్షణ.

ముఖ్య ఘటనలు

1989 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ ప్రాంతంలో మహాబీర్ గనిలోకి నీరు చొరబడింది. ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ బోరుబావి గుండా ఉక్కు క్యాప్సూల్‌లో తానే కిందికి దిగి, చిక్కుకున్న 65 మందిని ఒక్కొక్కరిగా పైకి పంపాడు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు పోటెత్తి 17 మంది చనిపోయారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. సైన్యం, జాతీయ విపత్తు స్పందన దళంతో కలిసి సింగరేణి దళాలూ లోపలికి వెళ్ళాయి. సొరంగంలో దాదాపు 14 కిలోమీటర్ల లోపల, ఊరుతూనే ఉన్న నీటిలో, బురదలో వారాల తరబడి వెతికాయి. ఎవరినీ ప్రాణాలతో తేలేకపోయాయి. ఆచూకీ దొరకనివారి కోసం వెతకడమూ ఈ దళాల బాధ్యతే.