గూడెం దారి, టర్బో కారు

“అన్నా, సంక్రాంతికి అరకు వెళ్తున్నాం. ఈలోగా స్టేజ్ వన్ వేయిస్తే చాలా, స్టేజ్ టూ దాకా వెళ్లాలా?”

నా దగ్గరున్న ఆక్టావియా సంగతి విన్న ఆఫీసు జూనియర్లు, వాళ్ల తమ్ముళ్లు, ఆ తమ్ముళ్ల స్నేహితులు అడిగే ప్రశ్న ఇది. తెలియనివాళ్ల కోసం: స్టేజ్ వన్ అంటే ఇంజన్‌లో ఒక్క నట్టు విప్పకుండా, దాని కంప్యూటర్‌లో ఉన్న అంకెలు మార్చి, టర్బో చేత ఎక్కువ గాలి తోయించడం. స్టేజ్ టూలో పొగగొట్టం దారి కూడా మారుస్తారు. రెండిట్లోనూ కారు బలం పెరుగుతుంది. కొండ ఎక్కాలంటే బలం కావాలి కదా అన్నది వాళ్ల తర్కం.

వీళ్లలో కొందరి కార్ల వెనక అద్దం మీద విల్లు ఎక్కుపెట్టిన అల్లూరి సీతారామరాజు స్టిక్కర్ ఉంటుంది. ఆ విల్లు ఎక్కుపెట్టడానికి ఉన్న కారణాల్లో ఒకటి రోడ్డు అన్న సంగతి స్టిక్కర్‌లో పట్టదు. అందుకే స్టేజ్ వన్ గురించి చెప్పేముందు వాళ్లని ఒక వందేళ్లు వెనక్కి తీసుకెళ్లాలనిపిస్తుంది.

1920ల మొదట్లో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించే పని గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ చూసేవాడు. కొండ తవ్వింది, రాళ్లు మోసింది చుట్టుపక్కల గూడేల జనం. ఇష్టపడి వచ్చినవాళ్లు తక్కువ, పట్టుకొచ్చినవాళ్లు ఎక్కువ. కూలి రోజుకి ఆరణాలని లెక్క, చేతికి వచ్చేది రెండణాలు. ఒక్కోసారి అదీ లేదు. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వాళ్ల పోడుకి, కట్టెపుల్లకి, పశువుల మేతకి అడ్డం పడి ఉంది. అధికారి కొండెక్కితే అతని సామాన్లు మోయడం, తిండి సమకూర్చడం ఎటూ తప్పని వెట్టి. దానిమీద ఇప్పుడు రోడ్డు పని.

రోడ్డు వస్తే మంచిదే కదా, కూలి ఎగ్గొట్టడం ఒక్కటే తప్పు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే చదువుకున్నాను. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో, సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో గూడెం-రంప పితూరీల మీద రాసిన వ్యాసం చదివితే బొమ్మ కాస్త మారుతుంది. 1839 నుంచి 1924 దాకా జరిగిన తిరుగుబాట్లని ఆయన ఒకే వరసలో పెట్టి చూస్తాడు. కొండల్లోకి బయటివాళ్లు చొరబడటం, వర్తకుడు, అప్పులిచ్చే షావుకారు, పోలీసు, అటవీ శాఖ ఒకరి వెనక ఒకరు ఎక్కిరావడం ఆ కథలో పెద్ద భాగం. వీళ్లంతా ఎక్కడానికి దారి కావాలి. ఆ దారిని తవ్వాల్సింది వాళ్లు ఎక్కితే నష్టపోయేవాళ్లే. బాస్టియన్ రెండణాలు కాక పూర్తి ఆరణాలు ఇచ్చి ఉన్నా ఈ మెలిక అలాగే ఉండేది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. సీతారామరాజు వెంట గాం గంటం దొర, మల్లు దొర అన్నదమ్ములు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు కాల్పుల్లో చనిపోయారు. ఇరుకు బాటలో వరసగా నడిచే దళం ఎక్కడ నెమ్మదిస్తుందో, ఏ చెట్టు చాటు నుంచి ఎంత దూరం కనిపిస్తుందో అక్కడ పుట్టినవాడికి తెలుసు, పైనుంచి వచ్చిన అధికారికి తెలియదు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగాక కూడా పితూరీ 1924 మే దాకా సాగింది. మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజుని కాల్చి చంపారు. మల్లు దొర మాత్రం బతికి, 1952లో మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు.

ఇక్కడ ఇంజనీరు బుద్ధితో ఒక మాట. కొండమనిషి బాటకీ సర్కారు రోడ్డుకీ తేడా ఎక్కడుంది? కాలిబాట వాలుకి భయపడదు. దగ్గర దారి చూసుకుని నేరుగా ఎక్కేస్తుంది. చక్రం అలా ఎక్కలేదు. ఎద్దుబండికైనా మోటారుకైనా వాలు ఒక హద్దు దాటకూడదు, కాబట్టి దారిని సాగదీయాలి, కొండ ముఖం మీద అటూ ఇటూ మడతలు పెట్టాలి. ఆ మడతలనే మనం హెయిర్‌పిన్ మలుపులంటాం, వీడియోలు తీసుకుంటాం, స్టీరింగు తిప్పుతూ పులకరిస్తాం. ఆ మలుపు చక్రం కోసం పుట్టింది. కాలికి దాంతో పని లేదు. రోడ్డు పడ్డాక కూడా కాలినడక జనం పాత పద్ధతి మానలేదు. రెండు మడతల మధ్య అడ్డంగా ఎక్కే, దిగే అడ్డదారులు ఘాట్ రోడ్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. నెత్తిన మూటతో దిగే మనిషి మలుపు దగ్గరో, దాని కిందో ఒక్కసారిగా తారు మీదకి వస్తాడు. సరిగ్గా డ్రైవరుకి ముందేమీ కనిపించని చోటే. ఇది ఏ నావిగేషన్ మ్యాపులోనూ ఉండదు.

లంబసింగి, అరకు వేర్వేరు చోట్లు. ఎస్. కోట నుంచి డముకు, అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్ ఒకటి, దానికి బాగా నైరుతిన నర్సీపట్నం నుంచి ఎక్కే గూడెం దారి ఇంకొకటి. ఇప్పుడు రెండూ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే ఉన్నాయి. రెండిటినీ కలిపే 516ఈ జాతీయ రహదారి రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా వెళ్తుంది. పితూరీ పటాన్ని, వారాంతపు డ్రైవుల పటాన్ని ఒకదాని మీద ఒకటి పరిస్తే గీతలు చాలా చోట్ల కలుస్తాయి.

ఈ కొండల్లో చక్రం కోసం జరిగిన అన్నిటికన్నా పెద్ద పని రైలు మార్గం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. పర్యాటకులు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు వెళ్లేది ఆ లైను మీదే. దాని లెక్క నాకు చాలా ఇష్టం: ఖాళీ వ్యాగన్లు ఎక్కుతాయి, నిండు వ్యాగన్లు దిగుతాయి. అలాంటి చోట ఎక్కించే ఇంజన్ ఎంత ముఖ్యమో దించే బ్రేకు అంతకన్నా ముఖ్యం. అందుకే ఘాట్ లైన్లలో అదుపు తప్పిన బండిని పక్కకి మళ్లించి ఆపే క్యాచ్ సైడింగులు పెడతారు. కారు మార్పించే కుర్రాళ్లు ఈ ఒక్క సంగతీ రైలువాళ్ల దగ్గర నేర్చుకుంటే బాగుండును.

లెక్క వేసి చూద్దాం. నలుగురు మనుషులు, సామాన్లతో ఆక్టావియా లాంటి సెడాన్ బరువు సుమారు 1,700 కిలోలు. ఘాట్ దిగుతూ 900 మీటర్ల ఎత్తు పోగొట్టుకుంటే, వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు కోటిన్నర జౌళ్లు. అదే కారుని గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే సుమారు 6.6 లక్షల జౌళ్లు. అంటే ఒక్కసారి ఘాట్ దిగడం హైవే మీద వంద నుంచి సున్నాకి ఇరవై మూడుసార్లు ఆపడంతో సమానం. ఇందులో కొంత గాలి తీసుకుంటుంది, కొంత టైర్లు తీసుకుంటాయి. గేరులో దిగితే ఇంజన్ చాలా తీసుకుంటుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాడికి మాత్రం ఆ భారమంతా నాలుగు డిస్కుల మీదే పడుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలి అన్న పాత లారీ డ్రైవర్ల నియమం వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇదే. స్టేజ్ వన్ ఈ కోటిన్నరలో ఒక్క జౌలు కూడా తగ్గించదు. పైగా రెండు మలుపుల మధ్య ఎక్కువ వేగం అందుకునేలా చేసి, ప్రతి మలుపు ముందూ కొంత కలుపుతుంది.

తర్వాత బ్రేక్ ఆయిల్. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలే. విశాఖ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లో రెండు వానాకాలాలు చూసిన ఆయిల్‌తో ఘాట్ దిగుతూ తొక్కుతూ పోతే, ఆయిల్ మరిగి బుడగలు కట్టి, పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ దారిన వెళ్లేవాళ్లకి ఆ మలుపు ఇంకా గుర్తుంటుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌కి అయ్యే ఖర్చు స్టేజ్ వన్ ఖర్చులో ఒక మూలకి రాదు, కానీ దాన్ని ఎవరూ వీడియో తీసి పెట్టుకోరు. అదీ సమస్య.

ఎత్తు మీద గాలి పలచబడుతుందన్న మాట నిజమే. వెయ్యి మీటర్ల మీద గాలి సాంద్రత సుమారు పదో వంతు తగ్గుతుంది. మామూలు పెట్రోలు ఇంజన్ ఆ మేరకు నీరసిస్తుంది, టర్బో ఇంజన్ గాలిని తోసుకుని ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. అంటే టర్బో సెడాన్ ఉన్నవాడికి అరకు ఎక్కడానికి ఉన్న బలమే ఎక్కువ. 1.8 టీఎస్ఐ ఆక్టావియాకి కంపెనీ ఇచ్చింది 180 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. ఆ 250 ఏదో పిసినారితనం కాదు. దానికి జోడించిన డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్ మోయగలదని రాసుకున్న హద్దు కూడా అంతే. రీమ్యాప్ చేసేవాడు ఆ అంకెని మూడొందలు దాటించి చేతిలో పెడతాడు. క్లచ్ సంగతి అడిగితే “ఏం కాదు బ్రో” అంటాడు. ఇక సైలెన్సర్‌లో పటపటా పేలుళ్లు వినిపించేలా చేసే మ్యాపులంటే నాకు ఒళ్లు మంట. కాలని పెట్రోలుని పొగగొట్టంలో తగలబెట్టడం, క్యాటలిటిక్ కన్వర్టర్‌ని వేయించడం, నిద్రపోయే గూడేన్ని లేపడం తప్ప దానికి ఇంకో ప్రయోజనం లేదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దాన్ని గట్టిగా చదివింది. అదే ఏడాది సవరణతో మార్పుకి ఇంత అని 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చేరాయి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి చేతికి కారణం ఇచ్చినట్టే.

మన కుర్రాళ్ల ఊహ జపాన్ కొండదారుల నుంచి వచ్చింది. షిగెనో షుయిచి 1995లో మొదలుపెట్టిన ఇనిషియల్ డి మాంగాలో కుర్రాడు తండ్రి టోఫూ కొట్టు కోసం పాత టొయోటాలో తెల్లవారుజామున కొండ దిగుతుంటాడు. కప్పులో నీళ్లు ఒలకకుండా నడపడం వాడికి తండ్రి పెట్టిన షరతు. మనవాళ్లు ఆ కథలోంచి డ్రిఫ్టు తీసుకున్నారు, కప్పు వదిలేశారు.

మన్యంలో ఒలకకుండా మోసే పని ఇంకో రకంగా ఉంది. ఒకప్పుడు కొండలెక్కే దొరలు డోలీలో కూర్చుంటే ఇక్కడివాళ్లు మోసేవాళ్లు. ఇప్పుడు రోడ్డు లేని గూడేల నుంచి పురిటి నొప్పులతో ఉన్న ఆడవాళ్లని వాళ్ల మనుషులే కర్రకి దుప్పటి కట్టి తారు దారి దాకా మోసుకొస్తున్నారు. ఆ వార్త ప్రతి వానాకాలం పేపర్లో వస్తుంది. వందేళ్ల కిందట వాళ్ల తాతల చేత తవ్వించిన రోడ్డు వాళ్ల గడప దాకా రాలేదు. ఈ కొండల్లో నేను చూసిన బండి మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఏ సెడానూ కాదు, 2018లో ఏజెన్సీ ప్రాంతాలకి ఇచ్చిన ఫీడర్ అంబులెన్స్. మోటార్‌సైకిలుకి పక్కన రోగి పడుకునే చిన్న పెట్టె బిగించారు. అంబులెన్స్ వ్యాను ఎక్కలేని మట్టిదారిలో అది కొంత దూరం వెళ్తుంది. బలం పెంచలేదు, వేగం పెంచలేదు. దారిని చూసి బండిని మార్చారు.

అడిగినవాళ్లకి నేను చెప్పే వరస ఇది: ముందు మంచి టైర్లు, తర్వాత బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, తర్వాత కూలెంట్, రేడియేటర్. నా కారుకి నేను చేయించిన వరసా అదే. ఇవన్నీ అయ్యాక ఇంకా బలం కావాలనిపిస్తే, వేగం కోసం చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. 1990 నుంచీ ఉంది. అంతకుముందు మద్రాసు జనం రేసులకి షోళవరంలోని యుద్ధకాలపు రన్‌వేకి వెళ్లేవారు. అక్కడ ఎదురుగా ఎవరూ మూటతో దిగరు. ఘాట్‌లో మాత్రం ఎక్కే బండికి దారి వదలండి, న్యూట్రల్ ముట్టుకోకండి, ప్రతి మలుపు ముందూ ఒకసారి హారన్ కొట్టండి. మలుపు లోపలి అంచున గడ్డి నలిగి ఎర్రమట్టి గీత పైకి పోతున్నట్టు కనిపిస్తే అది అడ్డదారి. సంత రోజైతే అక్కడ రెండో గేరులోకి దిగండి.