సామాన్య సైనికుని జాడ

సేనాధిపతుల చరిత్ర గ్రంథములలో దొరకును. అయితే 1914–18 మహాయుద్ధములో పొలము విడిచియో గని విడిచియో తుపాకి పట్టిన సామాన్య బ్రిటిష్ సిపాయి జీవితమును మనము ఎక్కడ వెదకుదుము?

మొదట సైన్యపు దస్త్రములలోనే వెదకవలెను. కాని 1940 సెప్టెంబరులో లండనుపై బాంబులు పడినప్పుడు, ఆ సిపాయిల సర్వీసు కాగితములున్న గిడ్డంగి అంటుకొని, సగమునకు మించి కాలిపోయెను. పటాలముల యుద్ధ దినచర్యలు మిగిలినవి గాని, వాటిలో అధికారుల పేర్లే తరచుగా కనబడును. సిపాయిలు చాలవరకు అంకెలుగానే ఉందురు. పతకముల కార్డు అతని నంబరును, పటాలమును చెప్పును. చనిపోయినవాని జీతపు బాకీ ఎవరికి చెల్లించిరో తెలుపు ఖాతా పుస్తకములు కలవు. అక్కడ ఒక తల్లి పేరో, భార్య పేరో కనబడును. కొద్దిపాటి సొమ్ము పద్దులో ఒక ఇంటి దుఃఖమంతయు ఉన్నది.

వీటికి ఎన్నో ఏండ్లు ముందుగా, అనేకుల పేర్లు వారి ఊరి దేవాలయపు బాప్తిస్మ రిజిస్టరులో ఎక్కినవి. తల్లిదండ్రుల పేర్లు, నివాసము, తండ్రి వృత్తి అందులో ఉండును. మన దేశములోని దండులలో ఉండిన బ్రిటిష్ సిపాయిల కుటుంబముల సంగతియు అంతే. మద్రాసు రాజధానిలోని పాదిరులు బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు వ్రాసి నకళ్లు లండనుకు పంపిరి. అవి నేటికిని భద్రముగా ఉన్నవి.

1916లో ఫ్రాన్సులోని అర్మాంతియేరు దగ్గర డేవిడ్ రెయిల్టన్ అను సైనిక పాదిరి ఒక సమాధిని చూచెను. కొయ్య సిలువపై, అది పేరు తెలియని బ్రిటిష్ సైనికునిదని పెన్సిలుతో వ్రాసియుండెను. ఆయన దానిని మరువలేదు. 1920లో వెస్ట్‌మినిస్టర్ డీనుకు ఉత్తరము వ్రాసెను. ఆ యేడే నవంబరు 11న అట్టి ఒక అజ్ఞాత సైనికుని రాజుల సమాధులున్న ఆ దేవాలయములో పాతిపెట్టిరి.

పేరు తెలియనివానిని దేవుడెరుగును. అది మన ఆదరణ. అయితే పేరు తెలిసినవారిని వ్రాయక విడుచుటకు అది సాకు కాదు. మన అధ్యక్ష మండలపు నూరేండ్లలో బైబిలు స్త్రీలు, బడిపంతుళ్లు, గుడి ఊడ్చి గంట కొట్టినవారు ఎందరో కలరు. వారి పేర్లు పాత రిజిస్టర్లలో చెదల పాలగుచున్నవి. పాదిరులమైన మేమును, సంఘ పెద్దలును ఈ శతవార్షిక సంవత్సరములోనే ఆ పుస్తకములు విప్పి, శుభ్రమైన నకళ్లు వ్రాయించుదము. ముందు తరమువారు వెదకి వచ్చినప్పుడు మన సామాన్యుల జాడ వారికి దొరకవలెను.