పాట దక్కింది, పేర్లు జారాయి: ఇంటి కంప్యూటర్ హైఫైకి చేరిన వైనం

ఇంటి కంప్యూటర్‌కూ పాటలు వినిపించే యంత్రానికీ మధ్య మొదటిసారి తీగ పడినప్పుడు ధ్వని నడిచిన దిశ, నేడు నడుస్తున్న దిశకు సరిగ్గా ఎదురు. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ బ్రిటన్‌కు చెందిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ కంప్యూటర్‌ను లైసెన్సు మీద ‘డీబీ స్పెక్ట్రమ్ ప్లస్’ పేరుతో మన దేశంలో అమ్మింది. ఆ యంత్రానికి కావలసిన ప్రోగ్రాములు మామూలు ఆడియో క్యాసెట్ల మీద కీచుధ్వనులుగా వచ్చేవి. ఇంట్లోని టేపురికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి, ప్లే మీట నొక్కి, నాలుగైదు నిమిషాలు ఆ రొదను భరిస్తే తప్ప పెద్ద ప్రోగ్రాము లోపలికి ఎక్కేది కాదు, వాల్యూమ్ కుదరకపోతే పని మళ్లీ మొదటికి వచ్చేది. నెదర్లాండ్స్ రేడియో వారు 1980లలో ఈ కీచుధ్వనులనే ప్రసారం చేయగా, శ్రోతలు వాటిని క్యాసెట్‌లోకి పట్టుకుని కంప్యూటర్లకు ఎక్కించుకున్నారు. ఆనాటికి టేపురికార్డరే మూలం, కంప్యూటర్ కేవలం శ్రోత. అదీ సంగీతజ్ఞానం బొత్తిగా లేని శ్రోత, ఎందుకంటే స్పెక్ట్రమ్ తానై చేయగలిగిన ధ్వని ఒక చిన్న స్పీకరులో వచ్చే బీప్ మాత్రమే.

ఈ దిశ తిరగాలంటే ధ్వనిని అంకెలుగా రాసుకునే విద్య ఇళ్లలోకి రావాలి. ఆ విద్య పాతదే; 1957లోనే అమెరికాలోని బెల్ లాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాము ఒక పెద్ద ఐబీఎం కంప్యూటర్ చేత 17 సెకన్ల సంగీతం పలికించింది. ధ్వనితరంగం ఎత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, ఆ కొలతలను వరుసగా రాసిపెట్టుకోవడమే ఇందులోని కిటుకు, ఒక్కొక్క కొలతను శాంపిల్ అంటారు. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు, అంటే సీడీ, సెకనుకు 44,100 శాంపిళ్లు తీసుకుంటుంది. ఈ వింత సంఖ్య సంగీతశాస్త్రంలోంచి కాక వీడియో టేపులోంచి పుట్టింది. అంత సమాచారాన్ని పట్టగల యంత్రాలు ఆ రోజుల్లో స్టూడియోల వీడియో రికార్డర్లే కావడంతో, ఇంజనీర్లు శాంపిళ్లను టీవీ బొమ్మ గీతల్లో దాచారు. అమెరికా, జపాన్ పద్ధతిలో 245 గీతలు, గీతకు 3 శాంపిళ్లు, సెకనుకు 60 తెరలు కలిపి గుణిస్తే 44,100 వస్తుంది, ఐరోపా పద్ధతిలో 294 గీతలు, 3 శాంపిళ్లు, 50 తెరలు గుణించినా అదే వస్తుంది. సీడీ మీద త్యాగరాజ కీర్తన విన్నా, సినిమా పాట విన్నా, దాని కొలతను నిర్ణయించినది టీవీ తెర మీది గీతల లెక్కే.

ఆ తరువాతి పదేళ్ల కథ తొందరగానే ముగుస్తుంది. సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో కంప్యూటర్ చేత ధ్వని పలికించే సౌండ్‌బ్లాస్టర్ కార్డును, 1992లో సీడీ స్థాయి 16 బిట్ల స్టీరియో ధ్వనినిచ్చే దాని తమ్ముణ్నీ విడుదల చేసింది. అయినా ఇవి ఆటల్లో తుపాకుల మోతకు కొన్న కార్డులే తప్ప, వీటిని ఆంప్లిఫయర్‌కు కలిపి రాగం వినాలన్న ఆలోచన చాలామందికి రాలేదు.

అప్పటికి ఇళ్లలో పాట క్యాసెట్ మీదే ఉంది. కృష్ణకు దక్షిణపు గట్టున, ప్రకాశం బ్యారేజీకి ఇవతల ఉన్న తాడేపల్లి వంటి ఊళ్లకు అటు విజయవాడ, ఇటు గుంటూరు బజార్లే పాటల అంగళ్లు. పత్తి, మిర్చి డబ్బు చేతికొచ్చిన ఏడాది స్టీరియో డెక్కు కొన్న ఇళ్లవారు, కావలసిన పాటల జాబితాను తెల్లకాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు రికార్డింగ్ సెంటరులో ఇచ్చి, రెండు రోజుల తరువాత వెళ్లి తెచ్చుకునేవారు. 1990ల చివర ఈ ఏర్పాటును కూలదోసినది ఎంపీ3. చెవి పట్టించుకోని ధ్వనులను వదిలేసి పాటను కుదించే ఈ పద్ధతిలో, సెకనుకు 14 లక్షలకు పైగా బిట్లు తీసుకునే సీడీ పాట 1,28,000 బిట్లకు, అంటే సుమారు పదకొండో వంతుకు దిగిపోయింది. 74 నిమిషాల సంగీతం పట్టే డిస్కులోనే ఇప్పుడు పదకొండు గంటల పాటలు, నూటయాభైకి పైగా, ఇమిడిపోయాయి. 1997లో జస్టిన్ ఫ్రాంకెల్ తయారుచేసిన విన్‌ఆంప్ అనే ప్రోగ్రాము వాటిని వరుసగా వినిపించింది. అసెంబుల్డ్ కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ‘ఘంటసాల హిట్స్’ అని స్కెచ్ పెన్నుతో రాసిన డిస్కు ఒకటి కనిపించేది.

కంప్యూటర్ వెనుక ఉన్న ఆకుపచ్చ రంధ్రంలో స్టీరియో పిన్ను పెట్టి, రెండో కొసన ఉన్న ఎరుపు, తెలుపు పిన్నులను డెక్కు వెనుక ‘ఆక్స్’ అని రాసిన చోట గుచ్చినప్పుడే ఇంటి కంప్యూటర్ హైఫైకి మూలమైంది. పాటకన్నా ముందు వినిపించినది ‘బుం’ అనే రొద. ఎర్తు సరిగా లేని ఇళ్లలో కంప్యూటర్ డబ్బాను తాకితే చేయి జివ్వుమనేది. పవర్ సప్లైలోని ఫిల్టర్ నుంచి కారిన ఆ కొద్దిపాటి కరెంటే ఆంప్లిఫయర్ తీగలోకి జొరబడి పాట వెనుక నిలిచిపోయేది. కేబినెట్‌లో తిరిగే ఫ్యాన్ల హోరు దానికి తోడు, కాబట్టి వీణ మీద అనుస్వరం సన్నగిల్లే చోట వినిపించినది చాలావరకు ఫ్యాన్ల కచేరీయే. మరో చిక్కు లోపలే ఉంది. ఇంటెల్ 1997లో ప్రవేశపెట్టిన ఏసీ97 పద్ధతి మదర్‌బోర్డులు చాలావరకు సెకనుకు 48,000 శాంపిళ్లకే కట్టుబడి ఉండటంతో, సీడీ నుంచి వచ్చిన ప్రతి 147 శాంపిళ్లనూ 160గా సాగదీయవలసి వచ్చింది, చవక చిప్పులు ఆ పని మోటుగా చేశాయి. మృదంగం మీద దెబ్బ పడటానికి అరక్షణం ముందే చిన్న గరగర పుట్టించే ఎంపీ3 దోషం దీనికి అదనం.

ఈ దోషాలన్నీ కాలక్రమంలో తీరాయి. తీరని నష్టం మరొకటి ఉంది, దానికి కారణం 128 బైట్ల ఒక చిన్న గడి. ఎంపీ3 ఫైలులో మొదట పాట తప్ప పాట వివరం దాచుకునే చోటు లేదు. 1996లో ఎరిక్ కెంప్ ఫైలు చివర ఒక గడి తగిలించే పద్ధతి పెట్టాడు, దాని పేరు ఐడీ3. అందులో గుర్తుకు 3 బైట్లు, పాట పేరుకు 30, కళాకారుడికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, సంగీతపు రకానికి 1. బైటుకు ఒక ఇంగ్లీషు అక్షరం పడుతుంది. నేడు వాడుకలో ఉన్న యూనికోడ్ పద్ధతిలో తెలుగు హల్లుకు 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరో 3 కావాలి కాబట్టి, ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’ అన్న పేరు ఒక్కటే 61 బైట్లు కోరుతుంది. 30 బైట్ల గడులు రెండు ఇచ్చినా చాలదు. కెంప్ రాసిన 80 రకాల జాబితాలో పోల్కా నృత్యసంగీతానికి సంఖ్య ఉంది, కర్ణాటక సంగీతానికి లేదు.

సంగీత దర్శకుడికి ఒక గడి, రచయితకు ఒక గడి ఆ అమరికలో లేనేలేవు. తెలుగు సినిమా పాట విషయంలో ఇది చిన్న లోపం కాదు. హెచ్‌ఎంవీ రికార్డు మధ్యనున్న కాగితం మీద చిత్రం, గాయకులు, సంగీతం, రచన ముద్రించి ఉండేవి; వివిధభారతి అనౌన్సర్ ప్రతి పాటకూ ముందో వెనకో ఆ నాలుగింటినీ చదివేవారు, కాబట్టి చదువురాని శ్రోతకు సైతం ఏ పాట ఆత్రేయదో, ఏది ఆరుద్రదో, ఏది దాశరథిదో నోటికి వచ్చేది. ఎంపీ3 డిస్కు మీద అవే పాటలు ‘ట్రాక్ 07’గానో, ఇంగ్లీషులో తప్పుగా రాసిన మొదటి రెండు మాటలుగానో మిగిలాయి. ఇవాళ రచయిత పేరు తేల్చుకోవడానికి సినిమాహాలు దగ్గర అమ్మిన పాత పాటల పుస్తకాలు వెతకవలసి రావడం, ఇన్ని యంత్రాలు చేతిలో ఉన్న కాలంలో, సిగ్గుపడవలసిన సంగతి.

ఇదే కంప్యూటర్ కొంత రక్షించిందన్నది కూడా నిజమే. 1948 డిసెంబరు 1న ప్రారంభమై, బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు పనిచేసిన విజయవాడ ఆకాశవాణి నుంచి వచ్చిన భక్తిరంజని పాటలను ఇళ్లలో క్యాసెట్లకు పట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. టేపు బూజుపట్టి, నాడా సాగిపోకముందే వాటిని సౌండుకార్డు నీలిరంగు రంధ్రం ద్వారా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాములతో చప్పుడు తగ్గించి, నలుగురికీ పంచినవారి ఓపిక వల్లనే అవి అమెరికాలోని తెలుగు ఇళ్లకు సైతం చేరాయి. టేపు మీద అనౌన్సర్ గొంతు కూడా పడి ఉంటే పేర్లు దక్కాయి. టేపు ఆదా చేయడానికి ఆ ముక్కను కత్తిరించిన వారి దగ్గర పాట మాత్రమే దక్కింది.

మిగిలినది దగ్గరి కాలం. 2001లో జోష్ కోల్సన్ తెచ్చిన ఫ్లాక్ పద్ధతి, పాటలో ఒక్క బిట్టూ పోకుండా సుమారు సగానికి కుదించింది. డాక్ అనే పరికరం, అంటే అంకెలను తిరిగి ధ్వనితరంగంగా మార్చే పెట్టె, కంప్యూటర్ డబ్బా బయటికి వచ్చి యూఎస్‌బీ తీగకు వేలాడటంతో లోపలి రొద చాలావరకు తగ్గింది. 2012లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ ఫ్యాన్ లేకుండానే పాటలు వినిపించింది. పేర్ల సంగతీ కాగితం మీద పరిష్కారమైంది. 1998లో వచ్చిన ఐడీ3 రెండో రూపంలో రచయితకు ప్రత్యేకమైన చోటు ఉంది, ఫ్లాక్‌లో ఎన్ని వివరాలైనా ఏ లిపిలోనైనా రాయవచ్చు. కానీ తెలుగు పాటల ఫైళ్లలో ఆ చోటు ఎక్కువగా ఖాళీగానే ఉంటుంది. ఎవరైనా శ్రమపడి ‘రచన: దాశరథి’ అని తెలుగులోనే నింపినా, తెలుగు ఫాంటు లేని ప్లేయరు తెర మీద ఆ పేరు చదరపు డబ్బాల వరుసగానే కనిపిస్తుంది.