ఖతర్‌లో మాదకద్రవ్య నేరస్థులకు చికిత్స

మత్తుకు బానిసై పట్టుబడినవాణ్ణి జైలుకే పంపాలన్న పట్టుదల ఖతర్ చట్టంలో లేదు. మాదకద్రవ్యాల నియంత్రణ కోసం 1987లో చేసిన 9వ నంబరు చట్టం, సొంత వాడకం కేసుల్లో శిక్షకు బదులు చికిత్సాలయంలో ఉంచమని ఆదేశించే అధికారాన్ని కోర్టుకు ఇచ్చింది. తనంత తానుగా వచ్చి చికిత్స కోరినవాడిపై కేసు ఉండదని కూడా చెప్పింది. దొంగరవాణా చేసేవారికి మాత్రం ఈ దయ లేదు. వారికి మరణశిక్ష వరకూ పడవచ్చు.

అయితే కోర్టు ఉత్తర్వుతోనే వ్యసనం వదలదు. పడకలు, వైద్యులు, బయటికి వచ్చాక నెలల తరబడి వెన్నంటి ఉండే సలహాదారులు కావాలి. వీటన్నిటికీ డబ్బు కావాలి. దోహాలోని నౌఫర్ కేంద్రం ఈ పనికే ఏర్పడింది. అరబ్బీలో ఆ పేరుకు కలువ అని అర్థం. ఇలాంటి ఖర్చు వృథా కాదని అమెరికా మాదకద్రవ్య దుర్వినియోగ పరిశోధన సంస్థ లెక్క కట్టింది: చికిత్సపై పెట్టే ప్రతి డాలరుకూ తగ్గిన నేరాలు, దొంగతనాలు, కోర్టు ఖర్చుల రూపంలో 4 నుంచి 7 డాలర్లు తిరిగొస్తాయి. ఖతర్ కూడా పునరావాసంపై ఖర్చు పెట్టింది. 2015 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి నేర నివారణ మహాసభ దోహాలోనే జరిగింది. అక్కడ ఆమోదించిన దోహా ప్రకటన అమలుకు ఖతర్ నిధులిచ్చింది. ఖైదీల పునరావాసం అందులో ఒక భాగం.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల నుంచి వెళ్ళిన కూలీలు, డ్రైవర్లు అక్కడ ఎందరో ఉన్నారు. మన మందుల దుకాణంలో చీటీ మీద దొరికే ట్రమడాల్, ఆల్ప్రజోలం బిళ్ళలు అక్కడి విమానాశ్రయంలో నేరసామగ్రి కావచ్చు. ఎవరో ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా మోసినవాడికి చికిత్సతో పనే లేదు; అతనికి కావలసింది వకీలు. నిజంగా అలవాటుపడినవాడికైతే, కేసు లేకుండా వైద్యం కోరవచ్చన్న మాట కార్మికులు ఉండే క్యాంపు గదిలో, తెలుగులో, ముందుగానే వినబడాలి. జైలుశిక్ష పడిన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపించివేసే అధికారం కూడా అక్కడి కోర్టులకు ఉంది.

అలా వెనక్కి వచ్చినవాడి భారం మన వ్యవస్థ మీదే పడుతుంది. 1985 నాటి భారత మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ కొన్ని షరతులతో చికిత్సకు ముందుకొచ్చే వ్యసనపరులకు కేసు నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స ఖర్చుకూ వాడదగ్గ జాతీయ నిధి 7ఎ సెక్షన్ కింద ఉంది. మత్తు వ్యాపారుల నుంచి జప్తు చేసిన ఆస్తుల అమ్మకపు సొమ్ము కూడా అందులోకే చేరుతుంది. వ్యసనం నుంచి బయటపడే సలహా కోసం మన దేశంలో 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.