సిరివెళ్ల ఆయప్ప

2020 సెప్టెంబర్ 8. కరోనా వల్ల హైదరాబాద్ నుంచి ఆళ్లగడ్డకొచ్చేసి, మిద్దె మీది గదిలో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తున్న రోజులు. టీమ్ కాల్‌లో ఉండగా నంద్యాల నుంచి చిన్నప్పటి స్నేహితుడి మెసేజ్: "రేయ్, మన సిరివెళ్ల ఆయప్ప పోయినాడంట." పేరు రాయలేదు. రాయాల్సిన పని కూడా లేదు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సెక్కితే మధ్యలో వచ్చే ఊరు సిరివెళ్ల. నటుడు జయప్రకాష్ రెడ్డి 1946లో పుట్టింది అక్కడే. చిన్నప్పుడు బస్సు ఆ ఊళ్లో ఆగితే ఎవరో ఒకరు "సమరసింహారెడ్డిలో విలన్‌ది ఈ ఊరే" అనేవాళ్లు. మా క్లాసులో సగంమంది బాలకృష్ణ వైపు, సగంమంది వెంకటేష్ వైపు. నాకు మాత్రం ఆయనే హీరో. కారణం చాలా చిన్నది. తెర మీద మా చిన్నాయన మాదిరి మాట్లాడే మనిషి నాకు ఆయనొక్కడే కనిపించాడు.

నాటకంలో ఆయన్ని చూసిన దాసరి నారాయణరావు, నిర్మాత రామానాయుడికి చెప్పడంతో 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో సినిమాల్లోకొచ్చారు. అయితే రాష్ట్రమంతా ఆయన గొంతు గుర్తుపట్టింది 1997లో, 'ప్రేమించుకుందాం రా'తో. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చింది. ఆ తర్వాత 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి'. ఐదారేళ్లలో ఫ్యాక్షన్ సినిమా అనేది తెలుగులో ఒక జాతి అయిపోయింది.

ఆ సినిమాలను ఇప్పుడు మళ్లీ చూస్తే ఒకటి కనిపిస్తుంది. కథ సీమలో జరుగుతున్నా హీరో మాట్లాడేది ఎక్కువగా పుస్తకాల తెలుగే. మా యాస విలన్‌కు, అతని మనుషులకు దక్కింది. ఇది నాకు తెలిసొచ్చింది థియేటర్లో కాదు, 2005లో హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ హాస్టల్లో. ఊరి పేరు చెప్పగానే "బ్యాగులో బాంబులున్నాయా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. నెల తిరిగేసరికి 'వచ్చినాడు' మానేసి 'వచ్చాడు' అనడం నేర్చుకున్నాను. నేను అంత ఇష్టపడ్డ గొంతే నా నోరు మూయించింది.

ఫ్యాక్షన్ అబద్ధమని కాదు. కక్షల్లో మగవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. కానీ ఆళ్లగడ్డ అంటే రాతిని దేవుడిగా చెక్కే శిల్పులు కూడా. పక్కనే ఉయ్యాలవాడ. 1866 కరువులో బుడ్డా వెంగళరెడ్డి ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం పెట్టి బతికించిన ఊరు. నేను చూసిన ఏ ఫ్యాక్షన్ సినిమాలోనూ ఇవి లేవు. సుమోలు మాత్రం ఉన్నాయి.

ఇందులో జయప్రకాష్ రెడ్డి తప్పెంత? కొన్నాళ్లు ఆయన మీద కోపంగానే ఉన్నాను. తర్వాత ఆయన జీవితం గురించి చదివాను. తండ్రిది పోలీసు ఉద్యోగం. ఈయన గుంటూరులో లెక్కల మాస్టారు. అసలు ప్రాణం నాటకం. 'అలెగ్జాండర్' అనే నాటకంలో మొదటినుంచి చివరిదాకా స్టేజి మీద ఆయనొక్కడే ఉంటాడు. అంత చేయగల మనిషికి సినిమా ఇచ్చింది ఎక్కువగా కోరమీసం, తెల్లచొక్కా. ఇచ్చిన దాంట్లోనే ఆయన ఇంకో పని చేశాడు. 'ఎవడి గోల వాడిది', 'రెడీ' లాంటి సినిమాల్లో ఆ మీసాన్నీ ఆ గొంతునూ పెట్టుకునే నవ్వించాడు. అంతకుముందు భయపెట్టిన యాసంటే జనం ముచ్చటపడ్డారు. 2020 సంక్రాంతికి 'సరిలేరు నీకెవ్వరు' చూసొచ్చిన నా హైదరాబాదీ కొలీగ్స్ ఆయన మాట తీరును ఆఫీసులో అనుకరిస్తుంటే, మొదటిసారి నాకు చిన్నతనం అనిపించలేదు. పైగా వాళ్ల ఉచ్చారణ దిద్దాను.

ఎనిమిది నెలలకు గుంటూరులో ఆయన ఇంట్లోనే గుండెపోటుతో పోయారు. వయసు 74. అప్పటికి మార్చి నుంచీ థియేటర్లన్నీ మూసే ఉన్నాయి. తెర మీద ఆయన కనిపిస్తే ఒక్కసారి విజిలేసి సాగనంపే వీలు కూడా లేకపోయింది. కాల్ మ్యూట్‌లో పెట్టి కిందికి దిగి అవ్వకు చెప్పాను. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపింది. "యా సినిమాలో చూసినా చెడ్డోడే. మాట మాత్రం మనదే గదరా" అనింది.

నా పదేళ్ల కోపానికీ ప్రేమకూ ఇంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను.

2022లో నంద్యాల జిల్లా అయింది. సిరివెళ్ల ఇప్పుడు కర్నూలు జిల్లాలో లేదు. మొన్న ఊరికి పోతుంటే బస్సు అక్కడ ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. పక్క సీట్లో ఫోన్ చూసుకుంటున్న పిల్లోడితో నేనే అన్నాను: "జయప్రకాష్ రెడ్డిది ఈ ఊరే, తెలుసునా?"

"ఎవరన్నా ఆయప్ప?" అన్నాడు.

ఆళ్లగడ్డ వచ్చేదాకా చెప్తానే ఉన్నా.